పైకప్పులోని తీగని చూశాకే లైటు: పాత వైరింగ్ ఉన్న ఒక ఇంటి కేస్ స్టడీ

ఈ ఇల్లు రెండు విడతల్లో కట్టింది. కింది అంతస్తు 1960ల మొదట్లోది, పై అంతస్తు 1970ల మధ్యలో లేపారు. ఆ తర్వాత అవసరం వచ్చినప్పుడల్లా ఒక్కో పాయింటు పెంచుకుంటూ పోయారు. కింద అంతా రబ్బరు ఇన్సులేషన్ మీద నూలు అల్లిక ఉన్న రాగి తీగ. పైన పీవీసీ తొడుగున్న ఒంటిపోగు అల్యూమినియం తీగ. వంటగదిని వెనక్కి పొడిగించినప్పుడు ఈ రెండింటినీ కలిపి మెలితిప్పి టేపు చుట్టారు. ప్లగ్ పాయింట్లకి మధ్యలో ఎప్పుడో ఎర్త్ లాగారు గానీ, లైట్ల సర్క్యూట్లలో ఎక్కడా ఎర్త్ వైరు లేదు.

నన్ను పిలిచింది వైరింగ్ చూడమని కాదు, లైట్లు మార్చమని. హాల్లో ఎనిమిది బల్బుల ఇత్తడి షాండ్లియర్, పడకగదుల్లో పూర్తిగా మూసి ఉండే గాజు డోములు, వంటగదిలో ఫాల్స్ సీలింగ్ చేయించి అందులో డౌన్‌లైట్లు, బాత్రూముల్లో అద్దాల పైన స్టీలు లైట్లు. జాబితా రాసి పెట్టుకున్నారు. సగం ఫిట్టింగులు అప్పటికే కొనేసి అట్టపెట్టెల్లో ఉంచారు. వాటితో పాటు మూడు ఫిర్యాదులు చెప్పారు. వంటగది ట్యూబ్‌లైటు పట్టీ తగిలితే షాక్ కొడుతోంది, లైటు కూడా మినుకుమినుకుమంటోంది. పై బాత్రూములో లైటు తడిచేత్తో తాకితే జివ్వుమంటోంది. మెట్ల మీది ఎల్‌ఈడీ బల్బు స్విచ్ ఆపేసినా సన్నగా వెలుగుతూనే ఉంటోంది.

“ఇన్నేళ్ల నుంచి వెలుగుతూనే ఉన్నాయి కదా బాబూ, ఇప్పుడు కొత్తగా భయం ఏంటి?” అని ఇంటి పెద్దావిడ అడిగారు. న్యాయమైన ప్రశ్నే.

“కదపకుండా ఉన్నన్నాళ్లూ వెలుగుతాయమ్మా. ఇప్పుడు మనం ప్రతి పాయింటునీ విప్పి, తీగలు వంచి, కొత్త బరువు తగిలించబోతున్నాం. చిక్కంతా అక్కడే మొదలవుతుంది” అన్నాను.

ఈ పని మొత్తం ఆ మాట చుట్టూనే తిరిగింది. పాత తీగని వీలైనంత తక్కువసార్లు తాకాలి. తాకక తప్పనప్పుడు, ఇంకెవరూ మళ్లీ దాన్ని తాకాల్సిన పని లేకుండా ముగించాలి. ఏ ఫిట్టింగు పెట్టాలన్నది కూడా దాన్ని బట్టే తేలుతుంది.

విప్పి చూస్తే

కింది పడకగదిలో పాత గాజు డోమ్ ఒకటి ఉంది. లోపల 100 వాట్ల ఫిలమెంటు బల్బు. డోమ్ పళ్లెం అంచున “గరిష్ఠం 60 వాట్లు” అన్న ముద్ర సగం మాసిపోయినా ఇంకా చదవడానికి వస్తోంది. మెయిన్ ఆపి, రెండు తీగల మీదా మీటరు పెట్టి కరెంటు లేదని తేల్చుకున్నాక పళ్లెం దించాను. పైకప్పులోంచి వచ్చిన తీగల మీద నూలు అల్లిక ముదురు గోధుమ రంగుకి తిరిగిపోయింది. దాని కింద రబ్బరు బిరుసెక్కి నల్లబడింది. వేలితో కొద్దిగా వంచగానే పెళుసుగా పగిలి, నల్లటి పొడి అరచేతిలో రాలింది. రాగి బయటపడింది. అదే తీగని పైపులోంచి ఇంకో జానెడు కిందికి లాగాను. అక్కడ రబ్బరు మెత్తగానే ఉంది, వంచినా పగల్లేదు.

ఈ కేసులో నాకు దొరికిన అతి ముఖ్యమైన ఆధారం ఆ జానెడు తీగే. తీగని వయసు కంటే బల్బు వేడే ఎక్కువ చెరిచింది. రబ్బరు ఇన్సులేషన్ ఉన్న తీగ 60 డిగ్రీల సెల్సియస్ దాటి కాగకూడదు, మామూలు పీవీసీకి ఆ హద్దు 70. ఫిలమెంటు బల్బు తీసుకునే విద్యుత్తులో తొంభై శాతానికి పైగా వేడిగానే బయటికి పోతుంది. గాలి ఆడని డోములో ఆ వేడి పైకి లేచి సరిగ్గా తీగ కొసలున్న చోటే నిలుస్తుంది. అలా ఏళ్లూ పూళ్లూ కాలిన కొసలు అవి.

ఆ తర్వాత మెగ్గర్ (ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలిచే మీటరు) తీశాను. బల్బులన్నీ ఊడదీసి, ఎల్‌ఈడీ డ్రైవర్లు (ఎల్‌ఈడీకి తగ్గట్టు కరెంటుని మార్చే చిన్న సర్క్యూట్లు) ఉన్న ఫిట్టింగులు విడగొట్టి, ఫేజ్, న్యూట్రల్ రెండింటినీ బోర్డు దగ్గర తప్పించాక 500 ఓల్టుల డీసీతో పరీక్ష పెట్టాను. ఎలక్ట్రానిక్ ఫిట్టింగులు తగిలించి ఉండగా ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య ఈ పరీక్ష చేస్తే డ్రైవర్లు పోతాయి, అంకె కూడా తప్పు వస్తుంది. సర్క్యూట్లలో ఎర్త్ తీగ లేదు కనుక మెయిన్ ఎర్త్ నుంచి పొడవాటి వైరు తెచ్చుకుని దానితోనూ కొలిచాను. అంతర్జాతీయ వైరింగ్ ప్రమాణం ఐఈసీ 60364 ప్రకారం ఇలాంటి సర్క్యూట్‌కి కనీసం 1 మెగోమ్ రావాలి. పై అంతస్తు 12 మెగోములు చూపించింది. మెట్ల సర్క్యూట్ 3. కింద హాలు, పడకగది కలిసిన సర్క్యూట్ 0.3 దగ్గర ఆగిపోయింది. కాలిపోయిన డోమ్ కొసలని కత్తిరించి మళ్లీ కొలిస్తే అదే సర్క్యూట్ 5 మెగోములకి లేచింది.

మెగ్గర్ అంకె బాగుందని తీగ బాగున్నట్టు కాదు. ఎండిపోయి పెళుసెక్కిన రబ్బరు, పగలనంత వరకూ మెగ్గర్‌కి చక్కగానే జవాబు చెబుతుంది. కొత్త ఫిట్టింగు బిగిస్తూ వంచినప్పుడు అది చిట్లుతుంది, అప్పటికి పరీక్ష అయిపోయి ఉంటుంది. అందుకే పాత రబ్బరు తీగ ఉన్న ఇంట్లో నేను అంకెతో పాటు ప్రతి పాయింటు దగ్గరా కొసని వంచి చూస్తాను. వంచడానికి జంకు పుట్టించే తీగకి ఏ ఫిట్టింగూ తగిలించకూడదు.

రెండు రకాల జివ్వు

బాత్రూమ్ లైటు, వంటగది ట్యూబ్‌లైటు రెండూ లోహపు ఒళ్లున్నవే, రెండింటికీ ఎర్త్ లేదు. రెండింటి దగ్గరా నియాన్ టెస్టర్ వెలిగింది. టెస్టర్‌ని నమ్ముకుంటే రెండూ ఒకటే అనిపిస్తాయి. కానీ రెండూ ఒకటి కాదు.

బాత్రూమ్ లైటు ఒంటి మీద మామూలు డిజిటల్ మీటరు 104 ఓల్టులు చూపించింది. తక్కువ ఇంపిడెన్స్ మోడ్‌కి (మీటరే కొద్దిగా కరెంటు లాగి, బలం లేని ఓల్టేజిని పడగొట్టే పద్ధతి) మార్చి కొలిస్తే 3 ఓల్టులకి పడిపోయింది. ఎల్‌ఈడీ డ్రైవర్‌లో రేడియో అంతరాయాన్ని అణచడానికి ఫేజ్ నుంచీ న్యూట్రల్ నుంచీ లోహపు ఒంటికి చిన్న కెపాసిటర్లు కలుపుతారు. ఆ ఒళ్లు ఎర్త్‌కి కలిసి ఉంటే ఆ కొద్దిపాటి కరెంటు చడీచప్పుడు లేకుండా భూమిలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే ఒళ్లు సరఫరాలో దాదాపు సగం ఓల్టేజి దగ్గర తేలుతూ ఉంటుంది. కరెంటు మిల్లీఆంపియర్‌లో కొంతే కాబట్టి జివ్వుమంటుంది, అంతకు మించి ఏమీ చేయదు.

వంటగది పట్టీ మీద తక్కువ ఇంపిడెన్స్‌లో కూడా 228 ఓల్టులు కదలకుండా నిలబడింది. విప్పితే చోక్ కింద నలిగిన ఫేజ్ తీగ పట్టీకి ఆనుకుని ఉంది. అది జివ్వుమనే సంగతి కాదు, ప్రాణం తీసే సంగతి. అడుగున తడి నేల, పక్కనే కుళాయి. దాన్ని అక్కడికక్కడే విడగొట్టి, తీగ కొసలని కనెక్టరుతో మూసేసి, స్విచ్ మీద టేపు అతికించాను.

ఇంటివాళ్లకి ఈ రెండింటి తేడా చెప్పాక ఒక మాట గట్టిగా చెప్పాను. మొదటి రకమే కదా అని ఊరుకోవడానికి లేదు. ఎర్త్ లేని లోహపు ఫిట్టింగు ఈరోజు మొదటి రకంగా ఉండి, రేపు లోపల తీగ ఒకటి నలిగితే రెండో రకం అవుతుంది. తాకేవాళ్లకి ఆ మార్పు ముందుగా తెలియదు.

నేను ప్రతి పాయింటు దగ్గరా అడిగినవి

ఎర్త్ ఉందా? తీగ ఎంత వేడికి ఓర్చుకుంటుంది? బరువు దేని మీద పడుతుంది? ఈ తీగని మళ్లీ ఎవరు, ఎప్పుడు కదుపుతారు? మొదటి మూడూ చాలామంది అడుగుతారు. నాలుగోదాన్ని అడిగేవాళ్లు తక్కువ. పాత వైరింగ్‌లో నా మటుకు అదే పెద్ద ప్రశ్న.

ఎర్త్ సంగతి తేలిగ్గానే తేలింది. ఎర్త్ లేని పాయింటుకి క్లాస్ 2 ఫిట్టింగు ఒక్కటే పెట్టాలి. రెండు పొరల ఇన్సులేషన్ ఉండి ఎర్త్ అవసరమే లేకుండా తయారైనవి అవి. చతురస్రంలో ఇంకో చిన్న చతురస్రం గీసిన గుర్తు వాటి లేబుల్ మీద ఉంటుంది. ఎర్త్ గుర్తున్న టెర్మినల్ ఉందంటే అది క్లాస్ 1, దానికి ఎర్త్ కలిపి తీరాలి. ఒళ్లు ప్లాస్టిక్‌లా కనిపించినంత మాత్రాన క్లాస్ 2 అయిపోదు. లోపల తగిలే స్క్రూలు, లోహపు పళ్లెం ఉండొచ్చు. గుర్తు చూడాల్సిందే. కొనిపెట్టిన అట్టపెట్టెలన్నీ అప్పుడే బల్ల మీద పరిచి లేబుళ్లు చదివాం. షాండ్లియర్, బాత్రూమ్ లైట్లు, డౌన్‌లైట్లు అన్నీ క్లాస్ 1. గాజు డోముల మీద ఏ గుర్తూ లేదు, అడుగున ఎర్త్ స్క్రూ మాత్రం ఉంది.

“ఎర్త్ లేకపోతే ఒంటిని న్యూట్రల్‌కి కలిపేస్తే సరిపోతుందట కదండీ, మాకు తెలిసినవాళ్లు చెప్పారు” అని ఇంటాయన అన్నారు. ఈ సలహా చాలాచోట్ల తిరుగుతోంది, అందుకే ఇక్కడ రాస్తున్నాను. దారిలో ఎక్కడైనా న్యూట్రల్ తెగితే ఫేజ్ బల్బులోంచి వచ్చి నేరుగా లైటు ఒంటి మీద నిలబడుతుంది. లైటు వెలగదు, ఎందుకు వెలగడం లేదో చూద్దామని ఎవరో నిచ్చెనెక్కి దాన్నే పట్టుకుంటారు. పాత ఇంట్లో న్యూట్రల్ ముడులు ఊడటం అరుదేమీ కాదు. ఏ పరిస్థితిలోనూ ఈ పని చేయకూడదు.

వేడి దగ్గర ఎల్‌ఈడీ మనకి నిజంగా మేలు చేసింది. 60 వాట్ల ఫిలమెంటు బల్బు ఇచ్చే 800 ల్యూమెన్ల వెలుగుని 9 వాట్ల ఎల్‌ఈడీ ఇస్తుంది. పాత తీగ మీద భారమూ తగ్గుతుంది, కొసల దగ్గర వేడీ తగ్గుతుంది. అయితే హోల్డరున్న మూసిన డోమ్ పెడితే రేపు ఎల్‌ఈడీ పోయినప్పుడు ఎవరో మూలనున్న 100 వాట్ల బల్బు తెచ్చి పెడతారు. ఈ ఇంట్లో జరిగింది అదే. పైగా మూసిన డోములో ఎల్‌ఈడీ బల్బే ముందు పోతుంది. దాని డ్రైవర్‌లోని ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఆయుష్షు పది డిగ్రీల వేడి పెరిగితే దాదాపు సగమవుతుంది. మూసిన ఫిట్టింగుల్లో వాడొద్దని చాలా బల్బుల పెట్టెల మీద రాసే ఉంటుంది.

దానికి విరుగుడుగా ఎల్‌ఈడీ లోపలే అమర్చి వచ్చే ఫిట్టింగు పెడితే ఎవరూ పెద్ద బల్బు పెట్టలేరు. కానీ అది పోయిన రోజు ఫిట్టింగు మొత్తం దించాలి, అంటే ఆ పెళుసు తీగని మళ్లీ విప్పాలి, మళ్లీ వంచాలి. నాలుగో ప్రశ్న ఇక్కడే అడ్డు తగులుతుంది. హోల్డర్ రకంలో తీగ జోలికి పోకుండా బల్బు మారుతుంది గానీ వేడి భయం. అమర్చిన రకంలో వేడి భయం లేదు గానీ తీగ కదులుతుంది.

నేను చేసింది ఏంటంటే, పాత తీగనీ ఫిట్టింగునీ నేరుగా కలపలేదు. ప్రతి పాయింటు దగ్గరా పైకప్పుకి మూతున్న చిన్న ప్లాస్టిక్ టెర్మినల్ బాక్సు బిగించాను. పాత తీగ కాలిన భాగం కత్తిరించి, బాగున్న చోటు నుంచి ఫైబర్‌గ్లాస్ స్లీవు తొడిగి, ఆ బాక్సులో ఒక్కసారి బిగించేశాను. అక్కడి నుంచి వేడికి ఓర్చుకునే కొత్త పొట్టి తీగ బయటికి వచ్చి ప్లగ్గు లాంటి కనెక్టరుతో ఫిట్టింగుకి కలుస్తుంది. ఇక మీదట ఎవరు లైటు మార్చినా కనెక్టరు ఊడదీస్తే చాలు, బాక్సు మూత తీయాల్సిన పనే రాదు. ఈ ఏర్పాటు ఉన్నాక లోపలే ఎల్‌ఈడీ అమర్చిన క్లాస్ 2 ఫిట్టింగులని ధైర్యంగా పెట్టగలిగాను.

ఒకటి మాత్రం చెప్పాలి. కత్తిరించాక పైకప్పులో మిగిలిన తీగ బాక్సుకి చేరేంత పొడవు లేకపోతే ఈ పద్ధతి పనికిరాదు. లాగి లాగి సరిపెట్టకూడదు, బిర్రుగా ఉన్న తీగ టెర్మినల్‌లోంచి ఊడుతుంది. అలాంటి పాయింటు ఒకటి తగిలింది. దాన్ని మూసేశాను.

గది గదికీ ఏం పెట్టాం

పడకగదుల్లో గాజు డోములకి బదులు పాలికార్బొనేట్ ఒళ్లున్న గుండ్రటి సర్ఫేస్ లైట్లు. కప్పు నుంచి కొద్దిగా ఎడం ఉండి వెనక గాలి ఆడే రకం ఎంచుకున్నాను. ఇంటివాళ్లకి గాజు అందం పోయిందన్న బాధ ఉంది, కాదనను.

వంటగదిలో పాత ట్యూబ్‌లైటు పట్టీలో ఎల్‌ఈడీ ట్యూబు పెట్టేస్తే చవకగా పోతుందన్నారు. నేను ఒప్పుకోలేదు. అలాంటి ట్యూబుల్లో కొన్నింటికి ఫేజ్, న్యూట్రల్ ఒకే కొసకి ఇవ్వాలి, కొన్నింటికి చెరో కొసకి, కొన్ని చోక్‌తోనే పనిచేస్తాయి. పట్టీ ఒకసారి ఒక రకానికి మార్చాక తర్వాతెవరో ఇంకో రకం ట్యూబు పెడితే షార్టు అవ్వొచ్చు. చెరో కొసకి ఇచ్చే రకంలో ఒక కొస పట్టీలో దూర్చి రెండో కొస చేత్తో పట్టుకుంటే ఆ పిన్నులకి కరెంటు వచ్చే ప్రమాదం కూడా ఉంది. లోహపు పట్టీ ఎలాగూ ఎర్త్ లేనిదే. మొత్తం తీసేసి ప్లాస్టిక్ ఒళ్లున్న ఎల్‌ఈడీ బ్యాటెన్ పెట్టాం.

లైటు మినుకుమినుకుమనడానికి కారణం మాత్రం పట్టీలో లేదు, ముందే చెప్పిన రాగి, అల్యూమినియం మెలికలో ఉంది. ఆ మెలిక ఉన్న చెక్క డబ్బా మూత తీయగానే కాలిన టేపు వాసన కొట్టింది. టేపు కరిగి తీగకి అంటుకుపోయింది, అల్యూమినియం పోగు మీద తెల్లటి బూడిద రంగు పొర కట్టింది. అల్యూమినియం గాలి తగలగానే ఆక్సైడ్ పొర కడుతుంది, ఆ పొర కరెంటుని సరిగా పోనివ్వదు. పైగా అది మెత్తటి లోహం, ఒత్తిడి కింద మెల్లగా జారిపోతుంది. వేడెక్కి చల్లారినప్పుడల్లా ముడి ఇంకాస్త వదులవుతుంది. రాగితో నేరుగా కలిపి తేమ తగిలితే తుప్పు కూడా పడుతుంది. ఆ ముడి కత్తిరించేసి, రాగి, అల్యూమినియం రెండింటికీ పనికొస్తుందని రాసి ఉన్న టెర్మినల్ బ్లాకులో, రెండు తీగలూ ఒకదానికొకటి తగలకుండా, అల్యూమినియం కొస గీకి, ఆక్సైడ్ మళ్లీ పట్టకుండా ఆపే పేస్టు రాసి బిగించాను. పై అంతస్తులో ప్రతి లైటు బాక్సులోనూ అదే పద్ధతి. కొత్త ఫిట్టింగు రాగి తీగని పాత అల్యూమినియంతో మెలితిప్పి టేపు చుట్టడం అన్నది అసలు పెట్టుకోకూడదు.

డౌన్‌లైట్లని పూర్తిగా కాదన్నాను. ఫాల్స్ సీలింగ్ వస్తే పాత ముడులన్నీ దాని పైన చేరి కంటికి కనబడకుండా పోతాయి. డ్రైవర్లు అదే సందులో పడి ఉంటాయి, వేడి బయటికి పోదు. పాత తీగ మీద ఇలాంటి కప్పు వేయడం నేను ఏ ఇంట్లోనూ ఒప్పుకోను. వంటగది వైరింగ్ కొత్తగా లాగాక ఎన్ని కావాలంటే అన్ని పెట్టుకోవచ్చు.

బాత్రూముల్లో స్టీలు లైట్లకి బదులు ఐపీ44 రేటింగున్న క్లాస్ 2 లైట్లు పెట్టాం. ఐపీలో రెండో అంకె నీటి గురించి, 4 అంటే ఏ వైపు నుంచి చిందినా తట్టుకుంటుందని. స్నానం చేసే చోటికి సరిగ్గా పైన, నేల నుంచి 2.25 మీటర్ల ఎత్తులోపు వచ్చే లైటుకి కనీసం ఇది ఉండాలి. తొట్టి లోపలి భాగానికైతే ఐపీఎక్స్7 (కాసేపు నీట మునిగినా తట్టుకునేది), పైగా 12 ఓల్టులకి మించని సరఫరా కావాలి. ఈ ఇంట్లో తొట్టి లేదు. తీగ దూరే రంధ్రం దగ్గర రబ్బరు గ్రోమెట్ పారేసి బిగిస్తే ఐపీ44 అన్న ముద్రకి అర్థం ఉండదు. పాత లైటులో ఆ గ్రోమెట్ లేదు.

హోల్డర్లు ఉంచిన చోట్ల, అంటే స్టోర్ గదిలో, బయటి గదిలో, స్విచ్ ఫేజ్‌నే తెంచుతోందో లేదో చూశాను. స్టోర్ గదిలో స్విచ్ న్యూట్రల్ మీద ఉంది. స్విచ్ ఆపినా హోల్డరులో ఫేజ్ నిలిచే ఉంటుందన్నమాట, బల్బు మార్చేవాళ్లకి అది ఉరి. సరిచేశాం. ఈ27 స్క్రూ హోల్డరులో ఇంకో జాగ్రత్త ఉంది. బయటి మరకి న్యూట్రల్, అడుగు బొడిపెకి ఫేజ్ రావాలి. తారుమారైతే బల్బు తిప్పేటప్పుడు వేలికి తగిలే భాగమే ఫేజ్ అవుతుంది.

బోర్డు దగ్గర, మెట్ల దగ్గర

ఫిట్టింగు ఎంత మంచిదైనా వెనక ఫ్యూజు సరిగ్గా లేకపోతే తీగే ఫ్యూజు అవుతుంది. ఈ ఇంట్లో లైట్ల కట్‌అవుట్‌లో ఫ్యూజు తీగకి బదులు ఫ్లెక్స్ వైరులోంచి పీకిన రాగి పోగుల్ని పేని చుట్టారు. గోడలో తీగ కాలిపోయినా అది పోదు. కట్‌అవుట్లు తీసేసి లైట్ల సర్క్యూట్లకి 6 ఆంపియర్ల ఎంసీబీలు (కరెంటు హద్దు దాటితే తమంతట తామే ఆపే స్విచ్‌లు), వాటి ముందు అంతస్తుకొకటి చొప్పున 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీలు (తమ గుండా వెళ్లిన కరెంటుకీ తిరిగొచ్చిన కరెంటుకీ తేడా వస్తే ఆపే స్విచ్‌లు) పెట్టాం.

ఆర్‌సీసీబీ ఎర్త్‌కి ప్రత్యామ్నాయం కాదు. ఎర్త్ లేని లోహపు లైటులో లోపం వస్తే, ఎవరో ఒకరు తాకి వాళ్ల ఒంట్లోంచి కరెంటు పోయేదాకా దానికి ఆ సంగతి తెలియదు. తెలిశాక వేగంగా ఆపుతుంది, అదే దాని మేలు. అందుకే అది ఉన్నా క్లాస్ 2 నియమం సడలించలేదు.

అవి పెట్టాక మెట్ల లైటు వేస్తే చాలు, రెండు అంతస్తుల లైట్లూ ఆరిపోయాయి. పాత ఇళ్లలో ఇది తరచూ ఎదురయ్యేదే. టూ-వే స్విచ్‌కి ఫేజ్ కింది సర్క్యూట్ నుంచి, లైటుకి న్యూట్రల్ పై సర్క్యూట్ నుంచి తీసుకున్నారు, దగ్గరలో ఏది ఉంటే అది. దాంతో ఒక ఆర్‌సీసీబీ గుండా వెళ్లిన కరెంటు ఇంకోదాని గుండా తిరిగొస్తోంది. ఆర్‌సీసీబీ ఆరిపోవడం దాని తప్పు కాదు, ఉన్న లోపాన్ని అది చూపించింది. ఇలాంటి చోట పై ఎంసీబీ ఆపి, కరెంటు లేదనుకుని న్యూట్రల్ విప్పితే, కింది ఫేజ్ బల్బు గుండా వచ్చి చేతిలోని న్యూట్రల్ మీద నిలబడుతుంది. లైటు మార్చడానికి ముందు ఒక్క ఎంసీబీ కాకుండా మెయినే ఆపాలని నేను పట్టుబట్టేది ఇందుకే. మెట్ల లైటు మొత్తాన్ని కింది సర్క్యూట్ మీదికి మార్చాం.

స్విచ్ ఆపినా అది వెలగడానికి కారణం వేరే. టూ-వే తీగలు పైపులో ఫేజ్ పక్కన చాలా దూరం కలిసి నడుస్తాయి, వాటి మధ్య కెపాసిటెన్స్ వల్ల సూక్ష్మమైన కరెంటు లీకవుతుంది. ఫిలమెంటు బల్బుకి అది లెక్కలోకి రాదు, ఎల్‌ఈడీకి సన్నగా వెలగడానికి సరిపోతుంది. లైటుకి సమాంతరంగా, ఆ పనికే తయారైన చిన్న సప్రెసర్ పెడితే ఆగిపోయింది.

షాండ్లియర్

అన్నిటికంటే ఎక్కువ చర్చ దీని మీదే జరిగింది. పెద్దావిడకి దాని మీద మనసు. క్లాస్ 1, 9 కిలోల బరువు. హాల్లో ఉన్నది పాత సీలింగ్ రోజ్ (పైకప్పుకి బిగించి, లైటు వైరుని వేలాడదీసే గుండ్రటి బిళ్ల), దాని పక్కన కొయ్యబిళ్లలో దిగ్గొట్టిన కొక్కెం. సీలింగ్ రోజ్‌లోంచి వేలాడే ఫ్లెక్స్ మోయగల బరువు చాలా తక్కువ, 0.75 చదరపు మిల్లీమీటర్ల ఫ్లెక్స్‌కి 3 కిలోలు. కొయ్యబిళ్ల ఎండి కుంచించుకుపోయి కొక్కెం చేత్తో తిప్పితే తిరుగుతోంది.

“ఎర్త్ లేకుండా దీన్ని వేలాడదీయలేనమ్మా. మీకు కావాలంటే బోర్డు నుంచి హాల్లోకి కొత్త లైను లాగుదాం. అది కుదరకపోతే వేరే లైటు చూసుకుందాం” అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, మిగతా గదుల్లో ఎలాగూ గాజు పోయింది కదా, దీనికి లైను లాగమన్నారు.

ఫేజ్, న్యూట్రల్, ఎర్త్ మూడూ ఉన్న కొత్త రాగి లైను గోడ మీద కేసింగ్‌లో తీసుకెళ్లాం. కొక్కెం స్లాబ్‌లోకి యాంకర్‌తో కొత్తగా దించాం. వేలాడే ఫిట్టింగు తన బరువుకి నాలుగు రెట్ల భారాన్ని గంటసేపు మోయాలని లైటు ఫిట్టింగుల అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60598 అడుగుతుంది. అది ఫిట్టింగు తయారీకి పెట్టిన పరీక్షే గానీ, కొక్కేనికీ అదే కొలమానం పెట్టుకున్నాను. 36 కిలోల ఇసుక బస్తాలు గంటసేపు వేలాడదీసి, యాంకర్ చుట్టూ పగులు గానీ జరుగుడు గానీ లేదని చూసుకున్నాకే ఇత్తడి పైకి ఎక్కించాం. షాండ్లియర్ ఒంటి నుంచి మెయిన్ ఎర్త్ దాకా కొలిస్తే 0.4 ఓమ్ వచ్చింది. ఎనిమిది హోల్డర్లలో 5 వాట్ల ఎల్‌ఈడీలు, మొత్తం 40 వాట్లు. అదే 60 వాట్ల ఫిలమెంటు బల్బులైతే 480 అయ్యేవి.

పని ముగిశాక అన్ని సర్క్యూట్లూ మళ్లీ మెగ్గర్ చేశాం. తక్కువలో తక్కువ 3 మెగోములు. సాయంత్రం నుంచి లైట్లు వెలిగించి ఉంచి, రాత్రి ఒక్కో టెర్మినల్ బాక్సు మీదా ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు పెడితే ఏదీ గది వేడి కంటే పది డిగ్రీలకి మించి లేదు.

కింది అంతస్తు రబ్బరు తీగ ఇంకా గోడలోనే ఉంది. పై అంతస్తు అల్యూమినియం కూడా. ఈ పనితో అవి కొత్తవైపోలేదు. ఆ మాట ఇంటివాళ్లకి రాసి ఇచ్చాను. ఇంటికి రంగులు వేయించేటప్పుడు కింది అంతస్తు నుంచి మొదలుపెట్టి వైరింగ్ మార్చాలని, అప్పటిదాకా లైట్ల సర్క్యూట్ల మీద కొత్త పాయింటు ఏదీ పెంచకూడదని ఒప్పందం. ఏ గదిలో ఏ ఫిట్టింగు ఉంది, అది ఏ క్లాసు, హోల్డరుంటే ఎన్ని వాట్ల వరకు పెట్టొచ్చు, కనెక్టరు ఎక్కడుంది అన్న పట్టిక బోర్డు తలుపు లోపల అతికించాం. గాజు డోములు దుకాణానికి తిరిగి ఇచ్చేశారు. డౌన్‌లైట్ల పెట్టెల మీద “వంటగది లైను మార్చాకే” అని ఇంటాయనే మార్కరుతో రాసి అటక మీద పెట్టారు.